తోట మారితే పురుగు మారుతుంది
(కంచిలిలో చేసిన స్మారకోపన్యాసం)



మనం ఈ రోజు తలుచుకుంటున్న మాస్టారు ఈ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు జీవశాస్త్రం చెప్పారు. పురుగును చంపేముందు అది ఎక్కడ పుట్టిందో చూడమనేవారు. నేను చెప్పబోయేదీ అదే.

యూరప్‌లో సాగు మానేసిన పొలాల్లోకి ఓక్ అడవులు మళ్లీ విస్తరిస్తున్నాయి. చెట్టు వెంట దాన్ని తినే పురుగులు, వాటిని తినే జీవులు ఎలా చేరతాయన్నది అక్కడి శాస్త్రజ్ఞుల ప్రశ్న. కొబ్బరి, జీడి తోటల మన ఉద్దానంలో అడగాల్సింది ఇంకొకటి: తోట ఒక్కసారిగా కూలిపోతే పురుగులు ఏమవుతాయి?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. పోయిన చెట్లను మనం లెక్కపెట్టుకున్నాం. కానీ కొబ్బరిని తొలిచే కొమ్ముపురుగుకు ఆ కూలిన చెట్ల మొద్దులే పురిటిగది. కుళ్లుతున్న కొబ్బరి మొద్దుల్లో, పెంటకుప్పల్లో అది గుడ్లు పెడుతుంది. దాని పిల్లపురుగు ఆ కుళ్లునే తిని పెరుగుతుంది, పచ్చని చెట్టు జోలికి పోదు. రెక్కలొచ్చాక మాత్రం బతికున్న చెట్టు మొవ్వులోకి తొలుచుకుపోతుంది. తర్వాత విచ్చుకునే ఆకు కత్తెరతో కోసినట్టు ఉంటుంది. ఆ గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది. చెట్టును చంపేది ఎక్కువగా అదే. మొద్దులు తీయకుండా పక్కనే లేతమొక్క నాటితే, ఆ మొక్కను పురుగుకు అప్పగించినట్టే.

జీడి సంగతి వేరు. లేతచిగుళ్లు, పూత మీద టీ దోమ రసం పీలిస్తే అవి మాడిపోతాయి. ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు ఆ దోమను చెట్టు మీద నిలవనివ్వవు. పిక్కలు ఏరేటప్పుడు అవి కుడితే మంటే, కాదనను. అయినా మందు కొట్టి వాటిని చంపుకోవడం నష్టమే.

ఇలాంటి మిత్రపురుగులను పోగొట్టేది మందు ఒక్కటే కాదు. 1994లో జర్మనీలో క్రూస్, చార్‌న్ట్‌కె అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, క్లోవర్ పశుగ్రాసం మడులను పచ్చికబయళ్లకు దూరంగా పెంచి చూసిన ఫలితాలు ప్రచురించారు. విడిపడ్డ మడుల్లో, మొక్కను తినే పురుగుల కన్నా వాటిని అదుపు చేసే చిన్న కందిరీగలే ఎక్కువగా తగ్గాయి. తోటల మధ్య పొదలన్నీ నరికి, ఒకే పంటతో నింపితే మన దగ్గరా శత్రుపురుగు మిగిలి, మిత్రపురుగు పోతుందని నా గట్టి నమ్మకం. ఇక మందుల సంగతికి వస్తే, 2016లో మన దేశంలో మొదట తమిళనాడులో కనిపించిన కొబ్బరి తెల్లదోమ మన రాష్ట్రానికీ వచ్చింది. దాన్ని అణిచే ఎన్‌కార్సియా అనే సన్న కందిరీగ కూడా విషపు మందులకు చచ్చిపోతుంది.

అందుకే నా విన్నపం. గట్ల మీద పూసే పొదలను ఉంచండి. పెంటకుప్పల్లో కొమ్ముపురుగు పిల్లలను చంపే మెటారైజియం శిలీంధ్రం కలపండి. కొమ్ముపురుగు ఎగిరే పురుగు, ఒకరి తోటలో వదిలేసిన మొద్దు పక్కవారి తోటకూ ముప్పే. మళ్లీ తుఫాను వస్తే ఎవరి తోట వారిదని ఊరుకోకుండా, ఊరంతా కలిసి మొద్దులు తొలగించండి.