1928 కారు, నలుగురు పిల్లలు, 22 ఏళ్ల ప్రయాణం

 

"అన్నా, జాబ్ మానేసి ఇంట్లోవాళ్లతో కార్లో తిరగొచ్చా?" ఈ ప్రశ్న చాలామంది అడుగుతుంటారు. నేను సాఫ్ట్‌వేర్ జాబ్ వదిలి ఇటొచ్చాను కాబట్టి "వెళ్లిపోండి బ్రో" అంటానని మీరు అనుకోవచ్చు. నేను అలా అనను. ముందు నిజంగా అలా వెళ్లిన ఒక కుటుంబం లెక్క చూద్దాం.

అర్జెంటీనాలో హెర్మన్ జాప్, కాండెలారియా అని భార్యాభర్తలు. పెళ్లయి ఆరేళ్లు. మంచి ఉద్యోగాలు, సొంత ఇల్లు, ఇక పిల్లలు అనుకుంటున్న టైమ్. మన భాషలో చెప్పాలంటే సెటిల్ అయిపోయారు. బ్యాగులు తగిలించుకుని అలాస్కా వెళ్దామనుకుంటుంటే, ఎవరో ఒక పాత కారు అమ్ముతామన్నారు. గ్రాహమ్-పేజ్, 1928 మోడల్. ఇంజిన్ బాగోలేదు, అసలు స్టార్టే కాలేదు. చక్రాలకి మన ఎడ్లబండికి ఉన్నట్టు చెక్క ఆకులు. అయినా కొన్నారు.

2000 జనవరి 25న బ్యూనస్ ఎయిర్స్‌లో బయలుదేరారు. ప్లాన్ ఆరు నెలలు. అలాస్కా చేరేసరికి మూడున్నరేళ్లు దాటింది. అక్కడితో ఆగారా? లేదు. ప్రపంచమంతా తిరిగి, 2022 మార్చిలో ప్రయాణం ముగించారు. 102 దేశాలు, దాదాపు 3,62,000 కిలోమీటర్లు. నలుగురు పిల్లలూ ఈ ప్రయాణంలోనే పుట్టారు: పాంపా అమెరికాలో, తెహువే అర్జెంటీనాలో, పలోమా కెనడాలో, వాలబీ ఆస్ట్రేలియాలో. సీట్లు చాలక కారునే కోసి 40 సెంటీమీటర్లు పొడుగు చేయించారు!

ఇప్పుడు ఖర్చు సంగతి. దారిలో డబ్బులు అయిపోయాయి. ఆవిడ బొమ్మలు వేస్తే, ఆయన ఫ్రేములు కట్టి అమ్మారు. తర్వాత తమ ప్రయాణం మీద పుస్తకం రాసి, అదే అమ్ముకుంటూ తిరిగారు. ఇంజిన్ రెండుసార్లు విప్పి బాగుచేయించారు. పిల్లల చదువు దూరవిద్యలో, అమ్మ దగ్గర. అంటే వాళ్లు పని మానేయలేదండీ, పని మార్చుకున్నారు. నెల జీతం పోయింది, పిల్లలకి రోజూ కనిపించే స్కూల్ ఫ్రెండ్స్ లేరు. ఈ సగం చెప్పకుండా మిగతా సగం చెబితే మోసమే.

మరి ఏం దొరికింది? దాదాపు 2,000 ఇళ్లలో ఆతిథ్యం. ఇక్కడే నా ఇంజినీర్ బుర్రకి ఒకటి తట్టింది. కొత్త ఎస్‌యూవీ అద్దాలు ఎక్కించుకుని ఊళ్లు దాటేస్తుంది. పాత కారు మెల్లగా పోతుంది, ఆగుతుంది, చెయ్యి సాయం అడుగుతుంది. అది చూసి ఎవరో ఒకరు దగ్గరికొస్తారు, పలకరిస్తారు, "భోంచేశారా?" అంటారు. ఆ కారుకున్న లోపమే వాళ్లకి మనుషుల్ని ఇచ్చింది.

మన దగ్గర ఇలాంటిది చేద్దామంటే ఒక విషయం తెలుసుకోండి. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసీ, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేని బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. నంబర్‌లో 'వీఏ' అని వస్తుంది. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ దాన్ని రోజువారీ వాడకానికి రోడ్డెక్కించకూడదు. ర్యాలీలు, ప్రదర్శనలు, రిపేరు, పెట్రోలు లాంటి పనులకే. కాబట్టి తాతగారి పాత కారుంటే, కాగితాలు ఏ కేటగిరీలో ఉన్నాయో ఆర్టీఏ ఆఫీసులో కనుక్కున్నాకే తాళం తిప్పండి.

పాత కారు లేకపోయినా పర్లేదు. ఈసారి అమ్మానాన్నలతో అరకు వెళ్తున్నారా? ప్లాన్‌లో ఒక్క రోజు ఖాళీగా వదిలేయండి. హోటల్ బుకింగ్ వద్దు, చూడాల్సిన స్పాట్ల లిస్టు వద్దు. నాన్న ఎక్కడ టీ తాగుదామంటే అక్కడ ఆపండి, ఆ కొట్టు ఆయనతో కాసేపు మాట్లాడనివ్వండి. ఆ రోజు ఏం జరిగిందో కామెంట్‌లో రాయండి, తప్పకుండా చదువుతాను.

ఉంటానండీ, మళ్లీ కలుద్దాం.