కొల్లేటివారు చూడదగిన జపాను సరస్సు



ఒకప్పుడు కాశికి పోయివచ్చుటయే మన గ్రామములలో గొప్ప. నేడు నలుగురు మిత్రులు కూడి జపాను చూచివచ్చుట వింత కాదు. టోకియో నగరము, ఫూజీ పర్వతము, క్యోటో ఆలయములు, నారాలోని మహాబుద్ధ విగ్రహము చూచి, ఛాయాచిత్రములు తీసికొని మరలివత్తురు. మంచిదే. కాని క్యోటోనుండి రైలులో పదినిమిషముల దూరమున ఓత్సు అను పట్టణమును, దాని యొడ్డున బివా సరస్సును గలవు. తొందరలోనున్న యాత్రికులు దానిని విడిచిపోవుదురు. ఏలూరు, తాడేపల్లిగూడెములవారును, కొల్లేటి లంకలవారును మాత్రము విడువరాదు.

బివా యనునది వీణవంటి ఒక వాద్యము. సరస్సు ఆకారమును బట్టి ఆ పేరు వచ్చినదందురు. వైశాల్యము సుమారు 670 చదరపు కిలోమీటర్లు. మన కొల్లేటి అభయారణ్యము 308. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు కొల్లేట కలియగా, సముద్రమునకు దారి చూపునది ఉప్పుటేరొక్కటే. అచ్చటను అట్లే: నాలుగువందలకు పైగా ఏరులు వచ్చి చేరును, సహజముగా వెలువడునది సేతానది యొక్కటే. దండి దశకుమారచరిత్రమున వర్ణించిన ఆంధ్రదేశపు సరస్సు కొల్లేరేయని పండితులు పలువురు తలంచిరి. బివా చేరువనున్న ఇషియామా ఆలయముననే మురసాకి అను విదుషి తన గెంజి కథను ఆరంభించెనని అచ్చటివారి ఐతిహ్యము.

1977 మే మాసమున ఆ నీరు ఎఱ్ఱబారి దుర్గంధము కొట్టినది. బట్టలుతుకు పొడులలోని భాస్వరము నీట చేరి సూక్ష్మజీవులు పెచ్చుపెరుగుట దీనికొక ముఖ్యకారణమని తేలెను. అప్పుడు కదలినవారు గృహిణులు. ఆ పొడులను మానిరి, సబ్బును చేపట్టిరి, వంటలో మిగిలిన నూనెను ఇంటింట పోగుచేసి దానితోనే సబ్బు చేయించిరి. 1979లో షిగా రాష్ట్రసభ శాసనము చేసినది. భాస్వరము గల పొడుల విక్రయము 1980నుండి నిలిచినది. శాసనము వెనుక వచ్చినది, స్త్రీలు ముందు నడిచిరి. ఇది గమనింపదగిన వరుస.

మనకును శాసనములు లేకపోలేదు. 1999లో అభయారణ్యము ప్రకటితమైనది. 2002లో రామ్‌సార్ పట్టికలో కొల్లేరు చేరినది. 2006లో ఐదవ కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను యంత్రములతో త్రెంచిరి. కొన్ని గట్లు మరల లేచినవి. చెరువుపై బ్రతుకువాడు రేపు ఏమి తినునో తేలనిచో గట్టు లేవక మానునా?

బివాయందు అన్నియు చక్కబడినవని తలంపరాదు. పరదేశపు చేపలు చొరబడి నాటుచేపలను తగ్గించినవి. ఫునాజుషీ యను వంటకమునకు కావలసిన చేప కూడ కరవైనది. ఉప్పులో ఊరవేసి, అన్నములో నెలల తరబడి మాగబెట్టిన చేప అది. బొమ్మిడాయిల పులుసు ఎరిగిన మిత్రులు దాని వాసనకే రెండడుగులు వెనుకకు వేయుదురు!

1983నుండి అచ్చట ‘ఉమినోకో’ అను బడినౌక తిరుగుచున్నది. షిగాలోని ఐదవ తరగతి పిల్లలు తోడివారితో కలిసి దానిపై ఒక రాత్రి గడపి, నీటిని పరీక్షించి, నాచును సూక్ష్మదర్శినిలో చూతురు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు ఫాల్గుణమున వేలమంది పోవుదురు, వెంట పిల్లలుందురు. ఒక గాజుగ్లాసులో ఆ నీటిని ముంచి వారికి చూపుటకు నౌక కావలయునా?

ఓత్సు రేవునుండి యాత్రికుల నావలును బయలుదేరును. శీతకాలమున పోయినచో ఉత్తరమునుండి దిగిన బాతులు గుంపులుగా కనబడును. మన ఆటపాకలో గూడబాతులను చూడబోవు ఋతువును అదియే.