వంతెన అవతల చవకేనా?

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

వారానికి దొరికే ఒక్క శుక్రవారం బట్టలుతుక్కోవడం కూడా మానుకుని వచ్చారు. అందుకని పనికొచ్చే మాటే చెప్పుకుందాం.

మన బహ్రెయిన్ క్యాంపుల్లో సెలవు ఖాయమైన మనిషి మొదట అడిగేది టికెట్ గురించి కాదు, "సౌదీలో ఫోన్ ఎంతుంది, దుబాయ్‌లో టీవీ ఎంతుంది" అని. ఖోబర్ పోయే డ్రైవరన్న చేతిలో డబ్బులు పెట్టి తెప్పించుకునేవాళ్లూ ఉన్నారు. మేం సైటులో ఇనుము, సిమెంటు లెక్కలు రాసేవాళ్లం. అదే అలవాటుతో ఈ లెక్క కూడా వేసి చూశాం.

ముందు పన్ను సంగతి. సౌదీ, యూఏఈ 2018 జనవరిలో 5 శాతం వ్యాట్ మొదలుపెట్టాయి. మనకు 2019లో వచ్చింది, అప్పుడు అదీ 5 శాతమే. 2020 జులైలో సౌదీ ఒక్కసారే 15 చేసింది. మన దగ్గర 2022 జనవరి నుంచి 10 అయింది. యూఏఈలో ఇప్పటికీ 5. కువైట్, ఖతార్‌లలో వ్యాటే లేదు. అంటే పన్ను కలపకముందు 100 దినార్లుండే ఫోన్ మనామాలో 110, ఖోబర్‌లో 115, దుబాయ్‌లో 105, కువైట్‌లో 100 పడాలి. ఇది కాగితం మీది లెక్క. సౌదీ పెద్ద మార్కెట్, అక్కడ ఆఫర్ పెట్టిన రోజుల్లో లెక్క తిరగబడుతుంది కూడా. కానీ ఆ ఐదో పదో దినార్ల కోసం డ్రైవరన్నకు ఇచ్చేదెంత? ఫోన్ పాడైతే గ్యారంటీ ఎక్కడ చెల్లుతుంది? చాలా కంపెనీల గ్యారంటీ కొన్న దేశంలోనే. రిపేరుకు మళ్లీ వంతెన దాటించాలి. వీసా లేని మనకు అది అయ్యే పని కాదు.

దుబాయ్ నుంచి ఐఫోన్ తెప్పించుకునేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. యూఏఈలో అమ్మే ఐఫోన్లలో ఫేస్‌టైమ్ ఉండదు. ఇంట్లో పిల్లల ముఖం చూడాలని కొనే ఫోన్ కదా, అడిగి కొనండి. వాట్సాప్ చాలనుకునేవాళ్లకు ఈ బాధ లేదు.

ఇప్పుడు కరెంటు సంగతి. ఇది చాలామందికి తెలియదు. మన బహ్రెయిన్‌లో కరెంటు 50 హెర్ట్జ్, ఇండియాలోనూ 50. సౌదీలో 60. ఆ 25 కిలోమీటర్ల వంతెన దాటితే కరెంటు మారిపోతుందన్నమాట! ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లకు పరవాలేదు, వాటి మీద 50/60 అని రెండూ రాసి ఉంటాయి. ఫ్యాన్, వాషింగ్ మెషీన్, మైక్రోవేవ్ లాంటివి అలా కావు. వెనక అతికించిన రేకు మీద 60 ఒక్కటే ఉంటే, అది మన ఊళ్లో వేడెక్కుతుంది, ఎక్కువ రోజులు ఆగదు. ధర చీటీ కంటే ముందు ఆ రేకు చదవండి. చదవడం రానివాళ్లు ఫోటో తీసి మాకు పంపండి, మేం చెప్తాం.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది టీవీ దగ్గర. 2013 ఆగస్టు 26 నుంచి ఫ్లాట్ టీవీకి మన విమానాశ్రయాల్లో మినహాయింపు లేదు. మనిషికి 75,000 రూపాయల సామాను వరకు సుంకం లేదంటారే, అందులోకి టీవీ రాదు. ఇప్పుడు సుంకం 38.5 శాతం. కస్టమ్స్ వాళ్లు 40,000 విలువ కడితే 15,400 రూపాయలు శంషాబాద్‌లోనే కట్టాలి. మన దినార్లలో 60 పైమాటే, చాలామందికి సగం జీతం. దాని మీద అదనపు లగేజీ డబ్బులు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి ఇండియాలో పెద్ద టీవీల జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది. జగిత్యాలలోనో, అమలాపురంలోనో కొంటే షాపు వాళ్లే తెచ్చి గోడకు బిగించి పోతారు, గ్యారంటీ అక్కడే ఉంటుంది.

అయినా మనవాళ్లు టీవీ మోసుకుపోతారు. ఎందుకో మాకు తెలుసు. ఊళ్లో దిగగానే "ఏం తెచ్చినవ్ బిడ్డా" అంటారు. ఆ పెద్ద డబ్బా ఆటో మీద కట్టుకుని వాకిట్లో దిగితే ఉండే గౌరవం వేరు. అడిగేవాళ్లకు సుంకం కనిపించదు, డబ్బా కనిపిస్తుంది. మేం ఎగతాళి చేయడం లేదు, మా ఇళ్లలోనూ ఇదే మాట. అందుకే మా క్యాంపులో కొందరం ఇప్పుడు వేరే దారి పట్టాం. టీవీ డబ్బు ముందే ఇంటికి పంపి, మనం దిగే రోజుకే టీవీ ఇంటికి వచ్చేలా చెప్తున్నాం. మన చేతిలో ల్యాప్‌టాప్ ఉంటుంది. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా వదులుతారు, అది ఆ 75,000 లెక్కలోకి రాదు. డిగ్రీ చదివే పిల్ల ఉన్న ఇంట్లో దానికీ తక్కువ గౌరవం ఏమీ లేదు.

కొన్నదేదైనా మీ పేరు, తేదీ ఉన్న బిల్లు అడిగి తీసుకోండి. బిల్లు లేకుంటే విలువ ఎంతని కస్టమ్స్ వాళ్లు తేలుస్తారు, మనం కాదు. ఈ నెలలో ఊరెళ్లేవాళ్లు భోజనాలయ్యాక ఆ చివరి బల్ల దగ్గరికి రండి. కొనాలనుకున్న వస్తువు ధర రాసుకుని వస్తే, మన దగ్గర కొనాలో ఊళ్లో కొనాలో అక్కడే లెక్క కట్టి చూద్దాం.