చేతి తెడ్లా, నిలబడి వేసే పొడుగు తెడ్డా? ఫాయిల్ మీద లేవాలంటే ఏది కావాలె?

గోదావరిఖని నుంచి మాట్లాడుతున్న. ఈ మధ్య మన పోరగాళ్ల ఫోన్లల్ల ఒక వీడియో బాగా తిరుగుతోంది. సముద్రం మధ్యల ఒక మనిషి బోర్డు మీద నిలబడి పోతుంటడు. బోర్డు నీళ్లను తాకదు, గాల్లో తేలుతది. తెరచాప లేదు, మోటారు లేదు. దాన్నే డౌన్‌విండ్ ఫాయిలింగ్ అంటరు. అది చూసినోళ్లు నన్ను అడిగేది ఒకటే: "అన్నా, చేతులకు తొడుక్కునే చిన్న తెడ్లు మంచివా, నిలబడి వేసే పొడుగు తెడ్డు మంచిదా?"

ముందు అది ఎట్ల లేస్తదో చూద్దాం. బోర్డు కింద ఒక కడ్డీ, దాని చివర విమానం రెక్కలాంటి రెక్క ఉంటది. అదే ఫాయిల్. నీళ్ల సాంద్రత గాలి కంటే సుమారు 800 రెట్లు ఎక్కువ. అందుకే ఇంత చిన్న రెక్క కూడా మనిషిని మోస్తది. అయితే వేగం ఉండాలె. వేగం రెండింతలైతే ఎత్తే బలం నాలుగింతలైతది. వేగం సగమైతే బలం పావు వంతుకు పడిపోతది. అంటే తెడ్డు పనల్లా ఆ లేచే వేగం వచ్చేదాకా తోయడమే. లేచినంక గాలి లేపిన అల వాలే మనల్ని నడిపిస్తది.

తోసే పద్ధతి మనకు కొత్త కాదు. చెరువుల్ల థర్మాకోల్ తెప్ప మీద కూసున్న మత్స్యకారుడు రెండు చేతుల్ల రెండు చెక్క ముక్కలు పట్టుకొని తోసుకుంటడు. వల దగ్గర మెల్లగ జరగడానికి అది చాలు. అదే వాగు దాటాలంటే పుట్టి, పుట్టికి తెడ్డు కావాలె. పనిని బట్టే పనిముట్టు.

ఫాయిల్‌లో కూడా అంతే. చేతి తెడ్లంటే అరచేతులకు తొడుక్కునే ప్లాస్టిక్ పలకలు. బోర్డు మీద బోర్లా పడుకొని ఈదినట్టు తోయాలె. పడుకుంటే బోర్డు ఊగదు. బోర్డు చిన్నదైనా నడుస్తది. లేచినంక చేతుల్ల ఏమీ ఉండదు, హాయిగ ఉంటది. కానీ బలమంతా భుజాల మీదే పడుతది. ఇంకో చిక్కు, సరిగ్గ వేగం కావాల్సిన క్షణంలోనే తోయడం ఆపి, రెండు చేతులు బోర్డుకు ఆనించి లేచి నిలబడాలె. ఆ రెండు సెకన్లలో వేగం జారిపోతది. చేతులకు పలకలు ఉంటే బోర్డు అంచు పట్టు కూడా సరిగ్గ దొరకదు.

పొడుగు తెడ్డుతో అయితే ముందే నిలబడి ఉంటవు. నడుము, కాళ్లు, ఒంటి బరువు అన్నీ తెడ్డు మీద పడుతయి. బోర్డు నీళ్లు వదిలేదాకా తోస్తనే ఉండొచ్చు. కాకపోతే దానికి నిన్ను నిలబెట్టి మోసే బోర్డు కావాలె. నువ్వు 70 కిలోలు, సామాను 10 కిలోలు అనుకో. 80 లీటర్ల కంటే ఎక్కువ ఘనపరిమాణం లేకపోతే నిలబడ్డప్పుడు బోర్డు మునుగుతది. అందుకే ఆ బోర్డులు పొడుగ్గా, సన్నగా ఉంటయి. అలల మీద వాటిపై నిలబడటమే మొదటి పరీక్ష.

మనోళ్లు "ఏరు దాటినాక తెప్ప తగలేసినట్టు" అంటరు. ఫాయిల్‌లో అది కుదరదు. ఎందుకంటే కచ్చితంగ పడతవు. హవాయిలో మొలొకాయ్ నుంచి ఒఆహు దాకా సుమారు 51 కిలోమీటర్ల సముద్రం దాటే పోటీ ఉంది. ఇప్పుడు ఫాయిల్ బోర్డుల మీద కూడా దాటుతున్నరు. అక్కడ మధ్యల పడితే ఒడ్డు ఎక్కడుంటది? కాబట్టి అడగాల్సింది "దేంతో మొదటిసారి లేస్తా" అని కాదు, "పదోసారి పడ్డంక, చేతులు అలిసినంక, దేంతో లేస్తా" అని. నా మాట ఇది: కొత్తగ డౌన్‌విండ్ నేర్చేటోళ్లకు పొడుగు తెడ్డే. ఒడ్డు అలల మీద ఫాయిల్ బాగా వచ్చినోళ్లకు, చటుక్కున లేవగలిగేటోళ్లకు చేతి తెడ్లు.

ఇగ అసలు ముచ్చట. "మన ఎల్లంపల్లిలో చేయొచ్చా?" అంటరు. 62 గేట్లు, సుమారు 20 టీఎంసీల నీళ్లు, చూస్తే సముద్రం లెక్కనే ఉంటది. కానీ లెక్క చూడు. లోతు నీళ్లల్ల 4 మీటర్ల పొడవున్న అల గంటకు సుమారు 9 కిలోమీటర్లు పోతది. 16 మీటర్ల అల 18 కిలోమీటర్లు పోతది. పొడుగు అల పుట్టాలంటే గాలి ఎడతెగకుండ చాలా దూరం నీళ్ల మీద వీయాలె. జలాశయంలో అంత దూరం దొరకదు. వచ్చే చిన్న అలలు నీ ఫాయిల్ కంటే మెల్లగ పోతయి, అవి నిన్ను మోయవు. పైగా కింద మునిగిన ఊళ్లున్నయి, వలలున్నయి. గేట్లు ఎత్తితే ప్రవాహం ఎవరి మాటా వినదు. అక్కడ ఏ తెడ్డూ పనికిరాదు.

మ్యాపు తీసి మన తీరం చూడండి. విశాఖ నుంచి భీమిలి దాకా ఒడ్డు ఈశాన్యం దిక్కు పోతది. వానాకాలం నైరుతి గాలి దాదాపు ఒడ్డు వెంబడే వీస్తది. లెక్క ప్రకారం డౌన్‌విండ్‌కు దిక్కు కుదిరింది. కానీ అదే కాలంలో సముద్రం పోటు మీద ఉంటది, లోపలికి లాగే ప్రవాహాలుంటయి. నేర్పేటోడు పక్కన లేకుండ, లైఫ్ జాకెట్ లేకుండ, బోర్డును కాలికి కట్టే తాడు లేకుండ దిగొద్దు.

అప్పటిదాకా ఏం చేయాలె? ఈత గట్టిగ నేర్చుకోండి. దొరికితే నిలువ నీళ్ల మీద, నేర్పేటోళ్ల దగ్గర, మామూలు పెద్ద బోర్డు మీద నిలబడి తెడ్డు వేయడం అలవాటు చేసుకోండి. ఎడమ దిక్కు పది, కుడి దిక్కు పది. బోర్డు వంకర పోకుండ నడిస్తే సగం పని అయినట్టే. ఫాయిల్ తర్వాత కొనొచ్చు. పడ్డంక లేచే బలం మాత్రం కొంటే దొరకదు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.