ఒక సంతకం



మా అమ్మాయి ఆ రోజుల్లో ఎన్.సి.సి.లో చేరతానంటే "ఆడపిల్లకెందుకమ్మా?" అని నేనే వద్దన్నాను. 2016 జూన్ 18న మన దుండిగల్ వైమానిక దళ అకాడమీ నుంచి అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దేశంలో తొలి మహిళా యుద్ధ విమాన పైలట్లుగా బయటికొచ్చారు. ఆ వార్త చదివి సిగ్గుపడ్డాను.

అవనీ తండ్రి కూడా మనలాగే ప్రభుత్వోద్యోగి. 2018 ఫిబ్రవరి 19న జామ్‌నగర్‌లో ఆమె మిగ్-21 బైసన్‌ను ఒంటరిగా నడిపారు. యుద్ధ విమానాన్ని అలా నడిపిన తొలి భారతీయ మహిళ ఆమే. 2023లో జపాన్ విన్యాసాల్లోనూ పాల్గొన్నారు.

మొన్న మనవరాలు ఎన్.సి.సి. ఫారం తెచ్చింది. మా అమ్మాయి నా వంక చూసింది. కళ్ళజోడు తెమ్మని, నేనే సంతకం చేశాను.

మీ ఇంటికీ అలాంటి ఫారం వస్తే వద్దనకండి. సెలవు.