చిల్లగింజయు మునగగింజయు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



గోదావరి కాలువలకు కొత్తనీరు వచ్చు దినములలో చెరువునీరు ఎఱ్ఱబాఱుట డెల్టా గ్రామములవారందఱును ఎఱిగినదే. నేడు కుళాయిలు వచ్చినవి, డబ్బానీళ్లు వచ్చినవి. కాని తుపాను పట్టి మూడు దినములు కరెంటు లేకపోయినచో మోటారు తిరుగదు, డబ్బాల బండియు రాదు. అప్పుడు బిందె పట్టుకొని మరల చెరువుకే పోవలెను. ఆనాడు ఇంటిలోని పసిబిడ్డకు ఏ నీరు పట్టవలెను? పూర్వులు ఇందుకు ఒక ఉపాయము చెప్పియున్నారు. అది ఎంతవఱకు నిజము, ఎక్కడ చాలదు అను రెండును తెలిసికొనవలసియున్నది.

సుశ్రుతసంహిత సూత్రస్థానమునందలి 45వ అధ్యాయమున కలకనీటిని తేర్చు వస్తువులు ఏడు చెప్పబడినవి. అవి కతకము, గోమేదికము, తామరదుంప, నాచువేరు, వస్త్రము, ముత్యము, మణి. ముత్యములును మణులును కలవారి మాట, వానిని అటుంచుదము. వస్త్రము ప్రతి యింటను గలదు. మొదట చెప్పబడిన కతకమే తెలుగువారి చిల్లగింజ. దీనినే ఇండుపగింజ యనియు నందురు. పండితుల సాంగత్యమున మందబుద్ధి తేరుటకు కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున ఈ ఫలమునే ఉపమానముగా గైకొనెను. మనుస్మృతి ఆఱవ అధ్యాయమున సన్న్యాసిధర్మములు చెప్పుచు, కతకఫలము నీటిని తేర్చునదే యైనను దాని పేరు పలికినంత మాత్రమున నీరు తేరదని హెచ్చరించినది. గింజ మహిమను వేదికలమీద పొగడి, ఇంటికి పోయి వడగట్టని నీరు త్రాగువారికి ఈ మాట చక్కగా తగులును.

చిల్లగింజను వాడు విధము సులభము. మట్టికుండ లోపలిగోడకు దానిని రుద్ది, నీరు పోసి, కదపక యుంచినచో మడ్డి అడుగంటును. గింజలోని జిగురు పదార్థము మట్టిరేణువుల నడుమ వంతెనవలె నిలిచి, వానిని గుంపుగా చేర్చి బరువెక్కించును. ఇచట ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. చిల్లచెట్టును ముష్టిచెట్టును ఒకే జాతిలోనివి. ముష్టిగింజ ఘోరవిషము. అది బొత్తామువలె పలుచగా, పెద్దదిగా, మెత్తని నూగుతో మెఱయుచుండును. చిల్లగింజ చిన్నది, గుండ్రనిది. రెండింటిని స్పష్టముగా గుర్తింపగలవారు చూచి యిచ్చిననే తప్ప ఏ గింజనైనను నీటికుండలో వేయరాదు.

ఆ భయము లేనిది మునగ. హిమాలయముల దిగువ ప్రాంతము దాని పుట్టినిల్లు. సూడానుదేశపు పల్లెలలో నైలునది వరదనీటిని స్త్రీలు మునగగింజల పొడితో తేర్చుకొనుచుండగా, సామియా అల్ అజారియా జాన్ అను జర్మను శాస్త్రజ్ఞురాలు 1970 తరువాతి సంవత్సరములలో దానిని శ్రద్ధగా పరిశోధించి లోకమునకు తెలిపెను. మలావీ దేశమందలి తియోలో అను ఊరి నీటిశుద్ధి కేంద్రమున 1990 తరువాత పటికకు బదులు ఈ గింజనే వాడి చూచిరి. బురద చక్కగా దిగినది. ఇక్కడ మనవారు కాయను పులుసులో వేసికొని, ముదిరిన గింజను పెంటమీద పాఱవేయుచున్నారు!

మునగపప్పులో నీట కఱగు ప్రొటీను ఒకటి గలదు. దానికి ధనవిద్యుత్తు గలదు. నీటిలోని మట్టిరేణువులకును సూక్ష్మక్రిములకును సాధారణముగా ఋణవిద్యుత్తు గలదు. అందుచేత అవి ఒకదానినొకటి త్రోసికొనుచు, అడుగునకు దిగక తేలుచుండును. ప్రొటీను చేరగానే ఆ త్రోపు తగ్గి, అన్నియు ముద్దలు కట్టి దిగును. మట్టితో క్రిములును దిగును. అంతియే గాక, ఆ ప్రొటీను కొన్ని క్రిముల పైపొరను చెఱచి వానిని చంపునని ప్రయోగశాలలలో చూచిరి. పని సరిగా చేసినచో నూటికి 90 మొదలు 99 వఱకు క్రిములు నీటినుండి తొలగును.

ఈ 99 అను అంకెను చూచి మురియువారు కొంచెము లెక్క వేసి చూడవలెను. బిందెలో లక్ష క్రిములున్నచో 99 వంతులు పోయినను ఇంకను వేయి మిగులును. 1884లో కలకత్తా చెరువునీట కలరా క్రిమిని రాబర్టు కోఖ్ పట్టి చూపెను. అద్దమువలె తేరిన నీటిలోను అట్టి క్రిమి కంటికి కనబడదు. మఱియొక చిక్కు: గింజపొడిలో ప్రొటీనేగాక ఇతర పదార్థములును నీట కలియును. మిగిలిన క్రిములకు అవి ఆహారమై, మఱునాటికి సంఖ్య మరల పెరుగును. ప్రొటీనును ఇసుకకు పట్టించి, తక్కినదానిని కడిగివేయు ఉపాయమును అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు 2012లో ప్రకటించిరి. ఇండ్లలో అంత పని జరుగదు. కావున తేర్చిన నీటిని తెర్లునట్లు కాచి, ఆనాడే త్రాగవలెను. కాచుటకు వంటచెఱకు లేనప్పుడు క్లోరిను బిళ్ల వేయవచ్చును. బురదచాటున క్రిములు క్లోరినుకు చిక్కక దాగును గనుక, ముందు తేర్చుట అప్పుడును వృథా కాదు.

చెట్టుననే ఎండిన కాయలను కోసి, పొట్టు తీసి, తెల్లని పప్పును మెత్తగా దంచవలెను. కొద్ది కలకయైనచో నాలుగు లీటర్లకు ఒక గింజ చాలును. చిక్కని బురదకు లీటరుకు ఒకటి రెండు కావలెను. పొడిని గిన్నెడు మంచినీటిలో కలిపి, బట్టతో వడగట్టి, ఆ పాలవంటి నీటిని బిందెలో పోసి ఒక నిమిషము వేగముగాను, పిమ్మట అయిదు పది నిమిషములు మెల్లగాను కలియబెట్టవలెను. గంట రెండు గంటలు ముట్టుకొనరాదు. పొడిని ఏనాటికానాడు దంచుకొనవలెను.

ఉప్పునీటిని తియ్యన చేయుట ఈ గింజల పని కాదు. నల్లగొండ సీమ బోరునీటిలోని ఫ్లోరైడునకును వీనిని నమ్ముకొనరాదు. ఆ దోషము నీట కఱగియుండునదే గాని తేలియాడునది కాదు.

పైనీటిని మెల్లగా మఱియొక పాత్రలోనికి వంచుకొని, నాలుగు మడతల బట్టతో వడగట్టి పొయ్యిమీద పెట్టవలెను. అడుగున మిగిలిన మడ్డిలోనే క్రిములు కుప్పపడియుండును. దానిని నూతిగట్టుమీదను, పిల్లలాడు వాకిటను పోయక, దూరముగా గొయ్యి తీసి పోసి మట్టి కప్పవలెను. పిమ్మట బిందెను తోమి ఎండలో బోర్లించవలెను.