జంట తీగల చెంత అయస్కాంతశక్తి

ఇటీవల గుడిమల్కాపూరు పూలబజారులో ఒక వృద్ధవర్తకుడు తన దుకాణముపై పోవు జంట తీగలను చూపి, "బిడ్డా, వీటి అయస్కాంతము మాకు చేటు చేయునా?" అని నన్నడిగెను. లెక్క చూచి చెప్పెదనంటిని.

విద్యుత్తు పారు తీగ చుట్టును అయస్కాంతక్షేత్ర మేర్పడునని 1820లో ఆర్‌స్టెడ్ పండితుడు కనుగొనెను. ప్రవాహపు ఆంపియర్లను 5చే భాగించి, వచ్చినదానిని సెంటిమీటర్ల దూరముచే మరల భాగించిన, క్షేత్రము గాసులలో తేలును. 5 ఆంపియర్లకు 10 సెంటిమీటర్ల దూరమున 0.1 గాసు. భూమికి సహజముగా నున్న క్షేత్రము మన ప్రాంతమున సుమారు 0.4 గాసు.

జంటలో ఒక తీగను పోయిన ప్రవాహము రెండవదాన మరలును. ఎడము 10 సెంటిమీటర్లైనచో, నట్టనడుమ ఒక్కొక్కటి 0.2 చొప్పున కూడి 0.4 గాసగును. వెలుపల నొకటి రెండవదానిని తగ్గించును: దగ్గరి తీగకు 10, దూరపు తీగకు 20 సెంటిమీటర్ల చోట 0.1లో 0.05 పోయి 0.05 మిగులును. 3 మీటర్ల క్రింద కూర్చున్నవానికి భూమిక్షేత్రములో వేయవవంతైనను చేరదు.

వృద్ధుడు నిమ్మళించెను. కాని దుకాణపు గుంజకడ తీగతొడుగు చిరిగి, పూలపై చల్లు నీరు దానిపై పడుచుండెను. "తాతా, భయపడవలసినది దీనికి" అంటిని. ఆ పూటనే తీగ మార్పించెను. మీ యిండ్లయందును చూచుకొనుడు.